పని ముగిసిన పిమ్మట బయటపడు లోపము

మనము నివసించు పేటకు సౌకారుపేట యని పేరు. సౌకారు, షావుకారు, సాహుకారు – ఎట్లు పలికినను మాట యొక్కటియే. దీనికి మూలము ‘సాధు’ శబ్దమని భాషావేత్తలు చెప్పుదురు. నేడు షావుకారనగా డబ్బు గలవాడని లోకము తలచుచున్నది గాని, మొదట ఆ మాటకు మంచివాడు, నమ్మదగినవాడు అనియే యర్థము. మింటు వీధిలోను, ఎన్.ఎస్.సి. బోసు రోడ్డులోను నడచునప్పుడు బంగారము ధర, వన్నె, తరుగు శాతము పెద్ద యక్షరములతో బోర్డులపై కనబడును. నగ యింటికి పోయిన ఆరు మాసములకు అతుకు ఊడినచో కొట్టువారు ఏమి చేయుదురో తెలుపు బోర్డును మాత్రము నేను అరుదుగా చూచితిని.

ఈ విషయమునే పాఠముగా తీసికొనుచున్నాను. నాకు తెలిసినది నగల పని గనుక ఉదాహరణములు దానినుండియే యిచ్చెదను. బట్టల అద్దకము చేయించువారు, గడియారములు బాగుచేయించువారు, ఇండ్లు కట్టించువారు తమ తమ పనులకు అన్వయించుకొనగలరు.

1978 ప్రాంతపు మాట. నాకప్పటికి ఇరువది యేండ్లు. నాన్నగారి కొట్టులో గల్లా ప్రక్కన కూర్చుండి పని నేర్చుకొనుచుంటిని. ఒకనాటి యుదయము నెల్లూరినుండి ఒక పెద్దావిడ, ఆమె కుమారుడు రైలు దిగి నేరుగా కొట్టునకు వచ్చిరి. ఐదు నెలల క్రిందట కుమార్తె పెండ్లికి మా యొద్ద కొన్న నూట యెనిమిది కాసుల పేరును సంచిలోనుండి తీసి గల్లాపై పరచిరి. రెండు కాసులు లేవు. తిరునాళ్ళలో ఎచ్చటనో జారిపోయినవి. వాటిని దారమునకు గ్రుచ్చుటకై వెనుక అతికించిన చిన్న తీగ వలయములు మాత్రము దారముననే మిగిలియున్నవి. ఆమె కోపపడలేదు. “ఇంకా ఎన్ని ఊడతాయో అని మెడలో వేసుకోవాలంటే భయంగా ఉంది బాబూ” అని మాత్రము అన్నది.

నేను వెంటనే అందుకొని, “వాడకంలో లాగుడు పడితే ఊడుతుందమ్మా, అది పని తప్పు కాదు” అంటిని. నాన్నగారు నా వంక చూడలేదు. భూతద్దము తీసి, ఆ రెండు వలయములను వెలుతురునకు పట్టి చాలసేపు పరిశీలించిరి. తరువాత ఆచారిగారిని పిలువనంపిరి. ఆయన మా కొట్టునకు బహుకాలముగా పనిచేయుచుండిన తెలుగు కంసాలి.

“టంకం పారలేదు ఆచారిగారూ. చూడండి.”

ఆచారిగారు చూచి, కాదనలేదు. “నిజమే సేట్‌గారూ. అయితే ఒక మాట. తీగ సన్నం చేయమన్నది మీరు. సన్నతీగకు మంట కాస్త ఎక్కువైతే తీగే కరిగిపోతుంది, తక్కువైతే టంకం పారదు. బుధవారం ఇచ్చి శుక్రవారానికి కావాలన్నారు. నూట ఎనిమిది అతుకులు. దీపం వెలుతుర్లో కూర్చుని వేశాను.”

కొట్టులో కొంతసేపు మాటలు లేవు. “సన్నం చేయమన్నది నేనే. తొందరపెట్టిందీ నేనే” అని నాన్నగారు ఒప్పుకొనిరి. తీర్పు ఆయనయే చెప్పిరి. పోయిన రెండు కాసుల బంగారము కొట్టు పెట్టుకొనవలెను. తీగ మార్చి నూట యెనిమిది అతుకులు మరల వేయు మజూరీ కూడ కొట్టుదే. ఊడిన రెండింటికి మాత్రము ఆచారిగారు కూలి తీసికొనరు. కొన్నవారు ఒక్క పైసయు ఇయ్యనక్కరలేదు. రైలు ఖర్చు సైతము నాన్నగారు వద్దన్న వినక వారి చేతిలో పెట్టిరి.

ఇంతవరకు న్యాయము తెలిసిన ఏ వర్తకుడైనను చేయునదే. పాఠము అటుపిమ్మట ఉన్నది. అమ్మగారు వెళ్ళినతోడనే నాన్నగారు అమ్మకపు పుస్తకము తెమ్మనిరి. అది 1968వ సంవత్సరపు బంగారు నియంత్రణ చట్టము అమలులో నున్న కాలము. 1990లో ఆ చట్టము రద్దగువరకు వర్తకులు బంగారమునకు లెక్క తప్పక వ్రాయవలసియుండెను. అందువలన కొన్నవారి చిరునామాలు మా యొద్ద భద్రముగా నుండినవి. అదే తీగతో, అదే మాసమున చేయించిన కాసులపేరులు మరి నాలుగు అమ్ముడుపోయినవి. గూడూరు, కావలి, ఒంగోలు, చీరాల.

“వాళ్ళెవరూ ఫిర్యాదు చేయలేదు గదా బాబూజీ” అంటిని.

“తెలియదు కనుక చేయలేదు. నిన్నటిదాకా నాకూ తెలియదు. ఇవాళ తెలుసు.”

నాలుగు కార్డులు నాచేతనే వ్రాయించిరి. ‘తాము కొన్న కాసులపేరు అతుకులలో లోపముండవచ్చునని మాకు తెలియవచ్చినది. దయచేసి ధరింపక తీసికొనిరండు. ఊరికే బాగుచేసి యిచ్చెదము. రాకపోకల ఖర్చు మాది.’ ఇట్టి కార్డు వ్రాసినచో పేరు పోవునని నేను రెండు దినములు ముఖము ముడుచుకొని తిరిగితిని. ఆ భయము నిరాధారమని ఇప్పుడును చెప్పను. పేరు కొంత పోయినది కూడ. కార్డందుకొన్న ఒక యింటివారు ఆ తరువాత మా కొట్టు మెట్లెక్కలేదు.

ఇక విచారణలోనికి వత్తము. లోపము బయటపడిన దినము వేరు, పుట్టిన దినము వేరు. మనము సాధారణముగా బయటపడిన దినమునే చూచి తగవులాడుదుము. “మా చేతినుండి పోవునప్పుడు బాగుగనే యుండెను” అని ఒకరు, “కొని ఆరు నెలలైన కాలేదు” అని మరియొకరు. రెండును నిజములే. వీనివలన తగవు తీరదు. లోపము ఎచ్చట, ఎవరి నిర్ణయమువలన పుట్టెనో వెదకవలెను.

దీనికి వస్తువే సాక్షి. తెగిన గొలుసు కడియమును భూతద్దముతో చూచినచో చాలవరకు తెలియును. ఒకదానినొకటి ఒరసుకొను చోట కడియము నెలవంకవలె సన్నగిలి తెగినచో అది వాడుక అరుగుదల. కడియము కోలగా సాగి నోరు తెరచినచో బలముగా లాగబడినది. పసిబిడ్డ చేతికి చిక్కినను, తలుపు గడియకు తగులుకొన్నను ఇట్లగును. కడియము గుండ్రముగనే యుండి, అతుకు దగ్గర మాత్రము విడివడి, ఆ ముఖము మసకగా, సూదిమొనతో పొడిచినట్లు చిల్లులతో కనబడెనేని టంకము పారలేదన్నమాట; వెలిగారము కరిగి గాజువలె అందే నిలిచియుండుటయు కద్దు. ఈ మూడవది పనిలోని లోపము. ఐదు నెలలకు ఊడినను, ఐదేండ్లకు ఊడినను అది మంట ఆర్పిన క్షణముననే పుట్టినది.

అన్నియు ఇంత తేటగా నుండవు. పాదరసము తగిలిన బంగారము తెల్లబడి పెళుసగును. ఇంట పగిలిన జ్వరమానిని వలన పాడైన గాజులను నేను చూచితిని. అది పనివాని తప్పు కాదు, కొన్నవారి మోసమును కాదు. ఈతకొలను నీటిలోని క్లోరిను కూడ మిశ్రలోహమును, ముఖ్యముగా అతుకులను, మెల్లమెల్లగా తినును. నగ అమ్మునప్పుడే యీ మాటలు చెప్పుట కొట్టువాని పని. చెప్పని కొట్టునకు ‘వాడకపు తప్పు’ అనుటకు సగము హక్కు పోయినట్లే యని నా యభిప్రాయము.

రాళ్ళ సంగతి మరింత చిక్కు. గత ఇరువది యేండ్లుగా పగుళ్ళలో సీసపు గాజు నింపిన కెంపులు అంగళ్ళలో విరివిగా దొరకుచున్నవి. చూపునకు ఎఱ్ఱగా, నిర్మలముగా నుండును. ఎవరో వాటిని మంచి కెంపులని అమ్మినారు. పదేండ్లకు ఉంగరపు పంజా ఒకటి వంగినదని మరియొక కంసాలి దగ్గరకు వచ్చును. ఆయన మంట పట్టి, ఆమ్లములో ముంచగనే నింపిన గాజు చెడి రాయి సాలెగూడువలె తేలును. చూచువారి కన్నులకు పాడుచేసినవాడు ఈ పనివాడు. పాపము మొదట అమ్మినవానిది. పచ్చల పగుళ్ళలో నింపిన నూనె కడుగునప్పుడు పోయి, దాగియున్న పగుళ్ళు బయటపడుటయు ఇట్టిదే. మరి ఈ పనివానికి బాధ్యత యేమియు లేదా? కలదు. మంట పట్టుటకు ముందు రాయిని పరీక్షింపకపోవుట ఆయన లోపము. నష్టమంతయు ఆయనపై మోపుట మాత్రము అన్యాయము.

అందుచేతనే మరమ్మతునకు నగ తీసికొనునప్పుడు చీటీ వ్రాయవలెను. ‘గొలుసు ఒకటి – అతుకు వేయుటకు’ అని వ్రాసిన చీటీ ఎందుకును పనికిరాదు. ఇచ్చువారి యెదుటనే తూచి, భూతద్దముతో చూపి, ‘మూడు కడియములు అరిగియున్నవి, రాయి యొకటి కదలుచున్నది, వెనుక పాత సీసపు అతుకు కలదు’ అని వ్రాసి యిద్దరును సంతకము చేయవలెను. పాత నగలో ఒకచోట మంట పట్టినచో మరియొకచోటి సీసపు అతుకు కరిగి బంగారమును తినివేయును. ముందే చెప్పినచో అది సలహా. తరువాత చెప్పినచో అదే మాట సాకుగా వినబడును. 1872వ సంవత్సరపు భారత కాంట్రాక్టు చట్టమును చూచినను ఇందుకు రెండు వైపులును కలవు. వస్తువును అప్పగించువాడు తనకు తెలిసిన లోపములను చెప్పవలెను (150వ సెక్షను). పుచ్చుకొన్నవాడు తన సొంత సొత్తునెడ వివేకియైన మనుష్యుడు తీసికొనునంత జాగ్రత్త తీసికొనవలెను (151వ సెక్షను).

అన్నిటికంటె ఆలస్యముగా బయటపడునది వన్నె లోపము. ఇరువదిరెండు కారట్ల నగలో వేయి భాగములకు 916 భాగములు బంగారముండవలెను. టంకము నగకంటె ముందు కరగవలెను గనుక దానిలో రాగి, వెండి ఎక్కువ కలుపుదురు. కాబట్టి అతుకులెక్కువగల నగను కరిగించినప్పుడు మొత్తము వన్నె పడిపోవును. ఈ చిక్కు తీర్చుటకు ఒకప్పుడు కాడ్మియము కలిపిన టంకము వచ్చినది; దానినే ‘కేడీఎం’ అని గొప్పగా చెప్పుకొంటిమి. వన్నె నిలిచినది నిజమే. కాని కాడ్మియము 767 డిగ్రీలకే ఆవిరియగును, బంగారము కరగుటకు 1064 డిగ్రీలు కావలెను. ఆ పొగ ఊదుగొట్టము పట్టిన మనిషి ఊపిరితిత్తులకు, మూత్రపిండములకు పోయెను. నగ కొన్నవారికి లోపము లేని పని చేసి, చేసినవాని దేహమున లోపము మిగిల్చితిమి. దీనికి ఏ చీటీ వ్రాసితిమి? ఈ ప్రశ్నకు మన వర్తకులలో ఎవరును సరిగా బదులు చెప్పలేదు, నేనును చెప్పలేదు.

వన్నె విషయమున నేడు హాల్‌మార్కు వచ్చినది. 2000లో ఐచ్ఛికముగా మొదలై, 2021 జూన్ 16 నుండి 256 జిల్లాలలో నిర్బంధమైనది. 2023 ఏప్రిల్ 1 నుండి ఆరు అక్షరాంకెల గుర్తు లేని నగలను ఆ నియమము వర్తించుచోట్ల అమ్మరాదు. ముద్రపడిన వన్నెకంటె తక్కువ తేలినచో, తగ్గిన వన్నె విలువకు రెండింతలును, పరీక్ష ఖర్చును కొన్నవారికి చెల్లింపవలెను. ఇది మంచి నియమము. అయితే చాలమంది కొనువారు ఆ ముద్రను చూచి నగ అంతయు గట్టిదనుకొనుచున్నారు. ముద్ర చెప్పునది వన్నె మాత్రమే. అతుకు సంగతి, రాయి కూర్పు సంగతి అది చెప్పదు. వాటికి నేటికిని కొట్టువాని మాటయే ముద్ర.

ఈ చింత మన కాలమున పుట్టినది కాదు. బాబిలోను రాజగు హమ్మురాబి శాసనములలో పడవ కట్టువానికి ఒక నియమము కలదు. కట్టిన పడవ ఆ సంవత్సరములోపల లోపము చూపినచో, కట్టినవాడే దానిని విప్పి తన ఖర్చుతో గట్టిగా మరల కట్టి యియ్యవలెను. నాలుగువేల యేండ్లకు కొంచెము తక్కువ కాలము నాటి మాట. నేటి ‘ఒక సంవత్సరము గ్యారంటీ’కి ముత్తాత. మన కౌటిల్యుడు అర్థశాస్త్రమున కంసాలులు బంగారము దొంగిలించు విధములను ఐదింటిని పేర్కొని, పుచ్చుకొన్న తూకముతోను, పుచ్చుకొన్న వన్నెతోను నగను తిరిగి యియ్యవలెనని విధించెను. ఆయనకు కంసాలిపై అనుమానము మెండు. కంసాలిచేత సన్నతీగ చేయించు షావుకారుపై అంత అనుమానము చూపినట్లు లేదు.

నేటి చట్టమును చూతము. 1930వ సంవత్సరపు సరకుల విక్రయ చట్టము ప్రకారము కొనువాడు తన యక్కర తెలిపి, అమ్మువాని నేర్పును నమ్మి కొన్నచో, సరకు ఆ యక్కరకు తగినదిగా నుండవలెను. చెప్పకపోయినను ఆ షరతు బేరములోనే యున్నట్లు లెక్క. 2019వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము 2020 జూలైలో అమలునకు వచ్చినది. లోపముగల సరకు తయారుచేసినవానితోపాటు, అమ్మినవానిని, మరమ్మతు చేసినవానిని సైతము ఆయా సందర్భములలో అది బాధ్యులను చేయును. బిల్లులో గడువేదియు లేనప్పుడు లోపముగల సరకును ముప్పది దినములలోపల తిరిగి తీసికొన నిరాకరించుట అక్రమ వ్యాపార పద్ధతిగా ఎన్నబడును. ‘అమ్మిన సరకు వాపసు తీసుకొనబడదు’ అని ఇంకను అచ్చువేయించుకొనుచున్న మిత్రులు ఈ వాక్యమును రెండుసార్లు చదువుదురు గాక. ఫిర్యాదునకు కారణము పుట్టిన నాటినుండి రెండేండ్లు గడువు.

ఇండ్ల విషయమున 2016వ సంవత్సరపు రేరా చట్టము మరింత స్పష్టము. ఇల్లు స్వాధీనము చేసిన ఐదేండ్లలోపల కట్టడములోను, పనితనములోను లోపము కనబడినచో, తెలిపిన ముప్పది దినములలో నిర్మాత తన ఖర్చుతో సరిచేయవలెను. ఫ్లాట్లు కొనుచున్న మన కుటుంబములు దీనిని తెలిసికొనుట మేలు. 2021 ఆగస్టులో మన పేటకు అనతిదూరమున పులియాంతోపులో పేదలకై ప్రభుత్వము కట్టించిన క్రొత్త యిండ్ల గోడపూత చేతితో గీకగనే రాలుట పత్రికలలో చూచితిమి. ప్రభుత్వము మదరాసు ఐ.ఐ.టి. వారిచే పరీక్ష చేయింపవలసివచ్చెను. పూత రాలినది ఆగస్టులో గాని, సిమెంటు ఇసుక పాళ్ళు కలిపిన దినము వేరు.

నష్టపరిహారము ఎంతవరకు అను ప్రశ్న మిగిలినది. అతుకునకు కూలి రెండు వందలు. ఆ యతుకు ఊడి పోయిన గొలుసు విలువ లక్ష. రెండు వందలు తీసికొన్నవాడు లక్ష యియ్యవలెనా? కాంట్రాక్టు చట్టపు 73వ సెక్షను, సహజముగా కలుగు నష్టమును, ముందుగా ఇరువురికి తెలిసిన నష్టమును ఇప్పించును గాని, దూరపు నష్టమును ఇప్పింపదు. అతుకు ఊడిన గొలుసు జారిపోవుట దూరపు నష్టమని నేననలేను. అయినను ఆ లక్షయు దినకూలికి పనిచేయు కంసాలి నెత్తిన వేయుట క్రూరము. నేడు మన పేట మేడలలో ఇరుకు గదులలో కూర్చుండి పనిచేయుచున్న బెంగాలు పనివారలలో పలువురికి కొట్టుతో వ్రాతపూర్వకమైన యొప్పందమే యుండదు. లోపము తేలగనే వారి కూలిలో కోత వేయుట మిక్కిలి సులభము. అందుచే లాభము ఎవరికి చేరెనో చూడుడని చెప్పుదును. తూకము తగ్గించి చవుకగా కనబడునట్లు చేయించిన లాభము కొట్టుదైనచో, సన్నతీగ తెచ్చిన నష్టము కొట్టుదే. గడువిచ్చి, సరియైన వస్తువిచ్చి, తగిన కూలి యిచ్చిన పిదప అశ్రద్ధవలన టంకము పారనిచో పనివానిది. అప్పుడును కొన్నవారి యెదుట మాట పడవలసినవాడు బోర్డుపై పేరున్నవాడే. కొన్నవారిని కంసాలి దగ్గరకు పంపి చేతులు దులుపుకొనరాదు. వారు కంసాలిని ఎరుగరు.

మన శాస్త్రము ఇందులో ఏమనునని యువకులు అడుగుదురు. తత్త్వార్థసూత్రపు ఏడవ యధ్యాయములో అచౌర్యవ్రతమునకు చెప్పిన ఐదు అతిచారములలో హీనాధికమానోన్మానము, ప్రతిరూపకవ్యవహారము కలవు. తప్పుడు తూకము, మేలిదానికి బదులు నకిలీదానిని అంటగట్టుట. టంకము పారలేదని తెలియక అమ్మినవాడు ఈ రెంటిలోను పడడు. తెలిసిన మరునాడు ఊరకున్నచో? కొన్నవారు గట్టి నగయని నమ్మి ధరించుచున్నారు. గట్టిది కాదని నీకు మాత్రమే తెలియును. ఆ దినమునుండి అది ప్రతిరూపకవ్యవహారము కాదని నేను చెప్పజాలను. పండితులు వేరుగా చెప్పినచో వినుటకు సిద్ధముగా నున్నాను.

ఆ నాలుగు కార్డుల సంగతి చెప్పలేదు. గూడూరువారు వారములోపల వచ్చిరి. మూడు అతుకులు చేతితో కదపగనే విడివడినవి. కావలివారి నగలో ఒక్క లోపమును లేదు; అయినను తీగ మార్చి యిచ్చితిమి. ఒంగోలువారు నగను మనిషిచేత పంపి, బాగుచేయించుకొని, మరల రాలేదు. చీరాల కార్డు ‘చిరునామాదారు లేరు’ అను ముద్రతో తిరిగివచ్చినది. నాన్నగారు దానిని మరమ్మతు పుస్తకములో పెట్టి, ఒక పద్దు వ్రాయించిరి: ‘కాసులపేరు ఒకటి, చీరాల, అతుకులు చూడవలసియున్నది.’ తరువాత చీరాలకు పోయిన మా యేజెంటులను రెండుమూడుసార్లు విచారింపుమంటిమి. వారు ఊరు విడిచిరని మాత్రము తెలిసినది. దీపావళికి క్రొత్త పుస్తకము తెరచునపుడెల్ల తీరని పద్దులు ముందుకు ఎత్తి వ్రాయుట మా కొట్టు వాడుక. నాన్నగారు పోయినారు, ఆచారిగారును పోయినారు. గత దీపావళికి మా మనుమడు ఆ పద్దును కంప్యూటరులోనికి ఎక్కించుచు, “ఇది ఇంకా ఉంచాలా తాతాజీ?” అని అడిగెను. ఉంచుమంటిని.